నిచ్చెన గొలుసా, వల గొలుసా

తౌనో నోరు తెరిచాడంటే ఎదుటివాళ్ళ కాఫీ చల్లారాల్సిందే. కోర్పివారా ఊరి సహకార దుకాణంలో ఆ మూల బల్ల దగ్గర కూర్చునేవాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే ఆయన గొంతు సవరించుకోగానే గబగబా కప్పులు ఖాళీ చేసేస్తారు. ఆ పూట ఐలి ఒక్కతే తన కప్పు ముట్టుకోలేదు. ఆమె ధ్యాస కాఫీ మీద లేదు, నేలమీద పడున్న రెండు గొలుసుల కుప్పల మీద ఉంది.

రెండూ మంచులో జారకుండా ట్రాక్టరు వెనక చక్రాలకి చుట్టేవే. రెండూ ఆమె టైరు సైజువే. ఒకటి నిచ్చెన గొలుసు: అటొకటి ఇటొకటి పొడుగు గొలుసులు, మధ్యలో అడ్డంగా మెట్లు. రెండోది వల గొలుసు: గళ్ళుగళ్ళుగా అల్లి, ప్రతి ముడి దగ్గరా ఉక్కు మేకు దిగేశారు. దుకాణంలో మిగిలినవి ఈ రెండు జతలే. మధ్యాహ్నంలోగా ఏదో ఒకటి తగిలించుకుని ఆమె ఎలుగుకొండ ఎక్కాలి.

ఎక్కకపోతే కొంప మునుగుతుంది. జనవరి నడిమధ్యలో, ఎవరూ అడగని వాన ఒకటి ఆదివారం పడింది. సోమవారానికి చలి సున్నాకి కింద ఇరవై ఏడుకి దిగిపోయింది. కొండ రోడ్డు అడుగు నుంచి పైదాకా అద్దమైపోయింది. కొండమీద ఐలి వాళ్ళ ఇల్లు, ముప్పై నాలుగు ఆవులు, రెండు రోజుల పాలతో నిండిన ట్యాంకు. రోడ్డు గీరాల్సిన ట్రాక్టరేమో శనివారం గడ్డి కోసం కిందికొచ్చి ఇక్కడే చిక్కుబడిపోయింది. మొగుడు ఆర్వో వాకిట్లో జారిపడి కాలికి పిండికట్టు వేయించుకుని కూర్చున్నాడు. పాల లారీ డ్రైవరు ఫోన్లో ఒకటే మాట చెప్పాడు: రేపు పొద్దుటికి రోడ్డు గీరి ఇసక చల్లుంటే పైకొస్తాను, లేకపోతే కిందనుంచే దండం పెట్టి వెళ్ళిపోతాను. అప్పుడు పాలన్నీ పేడగుంటలో పొయ్యడమే. ఐలి ఎండాకాలమంతా ట్రాక్టరు నడుపుతుంది గానీ, మంచుగడ్డ మీద ఎప్పుడూ నడపలేదు. పొద్దున చెట్లు పట్టుకుని జారుకుంటూ కొండ దిగొచ్చింది.

"తౌనోని అడగవే, ఇన్నేళ్ళు ఈ ఊరి రోడ్లమీద మంచు తోసింది ఆయనేగా," అంది గల్లాపెట్టె దగ్గరున్న హెల్కా. దుకాణం ఆమెదే అన్నట్టు ఉంటుంది, నిజానికి జీతానికే చేస్తుంది. అన్నాక నాలిక్కరుచుకుంది కానీ, అప్పటికే తౌనో టోపీ తీసి బల్లమీద పెట్టేశాడు. టోపీ బల్లెక్కితే కథ మొదలైనట్టే.

"అమ్మాయ్, ఆ వల వంక కన్నెత్తి కూడా చూడకు," అన్నాడాయన. "వల చేపలకి. నిచ్చెన గొలుసు ట్రాక్టరుకి. నీకేం తెలుసు, నేను ముప్పై ఏళ్ళు మంచు తోశాను."

"ఇరవై రెండు," అన్నాడు ఎస్కో, యాలకుల బన్ను నములుతూ. ఆయన అడవిలో కలప నరికి నరికి విశ్రాంతికొచ్చిన మనిషి. ఎక్కువ మాట్లాడడు.

"ఏళ్ళు లెక్కేస్తే ఇరవై రెండు, చలికాలాలు లెక్కేస్తే ముప్పై. మన చలికాలం ఏడాదికి ఏడాదిన్నర ఉంటుందిరా! మధ్యలో తగలకు. ఆఁ, నిచ్చెన గొలుసు. మొదట్లో నాకూ నమ్మకం లేదమ్మా. కొత్తగా కొన్న రోజున పోస్టు బండి గుంటలో దిగబడింది. తాడు కట్టాను, మొదటి గేరు వేశాను, ఒక్క లాగు లాగాను, బండి రోడ్డెక్కింది. అంతే. ఇందులో నా గొప్పేం లేదు, ఉన్నదున్నట్టు చెప్తున్నాను."

"అది నేనూ చూశాను," అని ఎస్కో ఒప్పుకున్నాడు. "చిన్న బండే."

"చూశావుగా! సాక్షి కూడా ఉన్నాడు." సాక్షి దొరికేసరికి తౌనో భుజాలు రెండంగుళాలు లేచాయి. "సరే, పోస్టు బండి పిల్లల ఆట. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వారంలోనే పాల లారీ ఎలుగుకొండ అడుగున ఆగిపోయింది."

ఐలి చటుక్కున తలెత్తింది. "మా కొండా, బాబాయ్?"

"మీ కొండే. మీ నాన్న బతికున్న రోజులు. నిండు లారీ, వెనక ఇంకో ట్యాంకు. డ్రైవరు ఏడుస్తున్నాడు. నేనన్నాను, ఏడవకు నాయనా, ఏడిస్తే ఆ నీళ్ళు కూడా గడ్డకట్టి ఇంకా జారుడవుతుంది, పక్కన కూర్చో. తాడు కట్టాను. నిచ్చెన గొలుసు ఒక్కో మెట్టూ మంచులోకి టక్ టక్ మని దిగుతుంటే, ఆ ట్రాక్టరు కొండెక్కడం కాదు, కొండే దిగొచ్చి చక్రాల కిందకి దూరింది. ఎంత వేగం అనుకున్నావ్? పైకెళ్ళి ట్యాంకు మూత తీస్తే ఏముంది లోపల?"

"పాలు," అంది ఐలి.

"వెన్న! ఆ కుదుపుకి చిలికిపోయి ముద్దకట్టేసింది. గరిటెలు పెట్టి తీశారు. ఊరంతా మూడు నెలలు రొట్టెమీద అదే రాసుకున్నారు."

"ఉప్పు కూడా నువ్వే కలిపావా?" అంది హెల్కా.

"నేనెందుకు కలుపుతాను? రోడ్డుమీద చల్లిన ఉప్పు ఎగిరొచ్చి పడింది. సరిగ్గా సరిపోయింది కూడా."

ఎస్కోకి బన్ను పొలమారింది. ఐలి కూడా నవ్వింది, నవ్వకుండా ఉండటం ఎవరితరం? కానీ నవ్వుతూనే అడగాల్సింది అడిగింది. "అది సరే బాబాయ్, ఆ మలుపు దగ్గరేం చేశారు? సగం కొండలో రోడ్డు వాగువైపుకి వాలి ఉంటుంది చూడండి, అక్కడ నిచ్చెన గొలుసు పక్కకి జారదా?"

తౌనో ఒక్క క్షణం కాఫీ కప్పులోకి చూశాడు. "మలుపా? మలుపు నా ట్రాక్టరుని చూసి భయపడి తిన్నగా అయిపోయింది. నేను దాటాక మళ్ళీ వంకర తిరిగింది."

ఐలికి ఒళ్ళు మండింది. ఆమెకి భయమున్నది సరిగ్గా అక్కడే. కొండంతా ఎలాగోలా ఎక్కేస్తుంది, ఆ మలుపులో బండి వాగువైపుకి పక్కగా జారితే? ఇంకోసారి అడుగుదామని నోరు తెరిచేలోపు తౌనో చెరువు దాకా వెళ్ళిపోయాడు.

"చెరువు సంగతి చెప్పలేదు కదూ? ఆ మార్చిలో గడ్డకట్టిన చెరువు మీద రోడ్డు వెయ్యడానికి నన్ను పిలిచారు. నేనెళ్ళేసరికి గడ్డమీద పద్నాలుగు మంది కన్నాలు తవ్వుకుని గాలాలేసుకుని కూర్చున్నారు. అందులో మన పాస్టరు గారు కూడా ఉన్నారు, అప్పుడే ఏదో చేప కొరికిందాయనకి. నేను వాళ్ళని కదిలించకూడదని, మర్యాదగా, పక్కనుంచి, మెల్లిగా గేరు వేశాను. నిచ్చెన గొలుసు గడ్డని పట్టుకుందమ్మా... పట్టుకుంది కాదు, కరిచింది! కరిచి వదల్లేదు. చెరువు మీది గడ్డ మొత్తం ఒడ్డు నుంచి ఊడిపోయి, చాపలాగినట్టు నా చక్రాల కింద వెనక్కి పోతోంది. నేనున్నచోటే ఉన్నాను, చెరువు పోతోంది!"

"చేపలు పట్టేవాళ్ళు?" అన్నాడు ఎస్కో.

"గడ్డతోపాటే. ఒక్కడూ తల తిప్పలేదు. మనవాళ్ళ సంగతి తెలీదా, చేప కొరికేదాకా మిన్ను విరిగి మీదపడ్డా కదలరు. తలెత్తేసరికి అవతలి ఊరి ఒడ్డున ఉన్నారు. పాస్టరు గారికి ఆ ఆదివారం అక్కడి చర్చిలోనే ప్రసంగం చెప్పాల్సొచ్చింది. బాగా చెప్పాడట, వాళ్ళు రెండేళ్ళు వెనక్కి పంపలేదు."

"మరి మనకి ఆ రెండేళ్ళు ప్రసంగం ఎవరు చెప్పారు?" అని హెల్కా నడుంమీద చెయ్యేసుకుంది.

"ఎవరూ చెప్పలేదు. నీకెందుకు తెలుస్తుంది, నువ్వు చర్చికెప్పుడొచ్చావు గనక?"

హెల్కా బన్ను పెట్టే పట్టకారు ఎత్తింది గానీ, నవ్వొచ్చి దించేసింది. గోడమీద గడియారం పదకొండు దాటింది. బయట ఇప్పుడిప్పుడే పూర్తిగా తెల్లారుతోంది. ఇంకో మూడున్నర గంటల్లో మళ్ళీ చీకటి పడిపోతుంది. ఐలి చూపు గడియారం మీదనుంచి గొలుసుల మీదకి, గొలుసుల మీదనుంచి తౌనో మీదకి తిరుగుతోంది. ఈయనకి నిజంగా తెలుసు, అనుకుంది. ఇరవై రెండేళ్ళు తోసినవాడికి తెలియకుండా ఉండదు. కానీ తెలిసింది ఈ కోతల కింద ఎక్కడో కూరుకుపోయింది, తవ్వి తియ్యాలి.

"బాబాయ్, టైమవుతోంది. ఒక్క మాటలో..."

"ఒక్క మాటలోనే చెప్తున్నానమ్మా, వెన్న, చెరువు ఇవన్నీ పక్కన పెట్టు. అసలుది ఇది. ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు."

"పోయిన మంగళవారం చెప్పావు," అన్నాడు ఎస్కో.

"పోయిన మంగళవారం సగమే చెప్పాను! ఒకరోజు మా దొడ్డివెనక బండరాయి పెకలిద్దామని గొలుసేసి తాడు కట్టాను. బండి మొహం పడమరకి, స్వీడన్ వైపుకి. అది రాయి అనుకున్నాను. రాయి కాదు, భూమి లోపలి ఎముక. అది రాదు. ట్రాక్టరు కదల్దు. నిచ్చెన గొలుసు జారదు. చక్రాలు మాత్రం తిరుగుతున్నాయి. ఇప్పుడు ఆలోచించండి, చక్రాలు తిరుగుతుంటే ఏదో ఒకటి కదలాలి కదా? ఏం కదిలింది?"

హెల్కా పెదవులు బిగబట్టుకుంది.

"భూమి!" అని తౌనో బల్ల గుద్దాడు. కప్పులు ఎగిరిపడ్డాయి. "చక్రాల కింద భూమి గిర్రున తూర్పుకి తిరిగింది. పదింటికి రావాల్సిన సూర్యుడు తొమ్మిదికే నెత్తిమీదకొచ్చాడు, కంగారుగా, మొహం కూడా కడుక్కోకుండా. మా ఆవిడ పొద్దుటి గంజి తెచ్చేసరికి మధ్యాహ్నం భోజనం వేళైపోయింది. మనకీ స్వీడన్‌కీ గంట తేడా ఉంది చూశారూ, అది అప్పట్నుంచే. అంతకుముందు ఒకటే టైము."

ఎస్కో బన్ను కింద పెట్టాడు. ఇది ఆయనకి నిజంగానే సందేహంగా తోచింది. "ఒరేయ్ తౌనో, భూమి తిరిగితే స్వీడన్ కూడా దాంతోపాటు తిరగాలి కదరా?"

"వాళ్ళవైపు గొలుసులెవరేశారు? పట్టు లేక జారిపోయి వెనకబడ్డారు."

"వాళ్ళు ఊరుకున్నారా?" అంది హెల్కా.

"ఎందుకూరుకుంటారు, ఫోన్ చేశారు. నేను తియ్యలేదు, ట్రాక్టరు మీదున్నాను."

"రివర్స్ గేరు వేసి వాళ్ళ గంట వాళ్ళకి ఇచ్చెయ్యకపోయావా?"

"వేద్దామనే చెయ్యి పెట్టాను. కానీ అప్పటికే బడిపిల్లలు మధ్యాహ్నం బఠాణీ సూపు తాగేశారట. మళ్ళీ పొద్దున చేస్తే రెండోసారి వండాలి. వంటావిడ ఒప్పుకోలేదు." తౌనో వెనక్కి వాలి, టోపీ తీసి నెత్తిన పెట్టుకున్నాడు. "కాబట్టి అమ్మాయ్, నిచ్చెన గొలుసు. ఇంక మాటల్లేవు."

ఐలి లేచింది. చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసింది. "సరే బాబాయ్. నిచ్చెన గొలుసే తీసుకుంటాను."

"అదీ తెలివంటే!"

"ట్రాక్టరు బయటే ఉంది." ఆమె కోటు జేబులోంచి తాళంచెవి తీసి బల్లమీద, సరిగ్గా ఆయన చేతి ముందు పెట్టింది. "మీరే నడపండి. భూమిని తిప్పినవాళ్ళకి ఎలుగుకొండ ఎంత? గొలుసు తగిలించడానికి నేను సాయం పడతాను, తర్వాత వెనకాల నడిచొస్తాను."

తౌనో చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నేనా?" అన్నాడు తౌనో. "ఇప్పుడా? ఇవాళ మంగళవారం కదా."

"బుధవారం," అన్నాడు ఎస్కో.

"అదే. బుధవారం మా ఇంట్లో ఆవిరి స్నానానికి సౌనా వేడిపెట్టాలి. కట్టెలు కూడా చీల్చలేదు. పైగా దూరపు కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది. ఈ నడుమొకటి, చల్లటి సీటు మీద కూర్చుంటే..."

"సీటుమీద గొర్రెతోలు పరిచాను, బాబాయ్."

"గొర్రెతోలు నాకు పడదు. దురద."

ఐలి నవ్వలేదు. కూర్చుని, ఆయన మొహంలోకి తిన్నగా చూసింది. "బాబాయ్, నాకు భయంగా ఉంది. మంచుగడ్డ మీద నేనెప్పుడూ నడపలేదు. ఆ మలుపులో బండి పక్కకి జారితే ఏం చెయ్యాలో నాకు తెలీదు. రేపు లారీ రాకపోతే ఆ పాలు నా చేత్తో నేనే పేడగుంటలో పొయ్యాలి. ఇవాళ ఆర్వో కిటికీ దగ్గర కూర్చుని నేను కొండెక్కడం చూస్తుంటాడు, నేను జారితే లేచి రాలేడు. మీరు బండైనా ఎక్కండి, నిజమైనా చెప్పండి."

తౌనో తాళంచెవి వంక చూశాడు. నిచ్చెన గొలుసు వంక చూశాడు. నెత్తిమీది టోపీ మళ్ళీ తీశాడు, కానీ బల్లమీద పెట్టలేదు, ఒళ్ళో పెట్టుకుని అంచులు నలిపాడు.

"వల తీసుకో," అన్నాడు.

"ఏమిటీ?" అని హెల్కా చెవి ముందుకు పెట్టింది.

"వల అన్నానే తల్లీ, వల! నిచ్చెన గొలుసు తిన్నటి రోడ్డుమీద లాగడానికి బంగారం. వాలులో పనికిరాదు. పక్కకి జారితే ఆపేది దాంట్లో ఏముంది, మెట్లన్నీ అడ్డంగా ఉంటే? పైగా ట్రాక్టరు టైరు పళ్ళ మధ్య ఇంతింత లోతు సందులుంటాయి. మెట్టు వెళ్ళి ఆ సందులో పడి దాక్కుంటుంది. గొలుసుందని నువ్వనుకుంటావు, అది లోపల నిద్రపోతుంటుంది. వల అలా కాదు, పళ్ళమీద పరుచుకునే ఉంటుంది, ఎటు జారినా ఏదో ఒక గడి పట్టుకుంటుంది. మేకులు బయటికి ఉండాలి, చూసుకో. వంద అడుగులు వెళ్ళాక దిగి మళ్ళీ బిగించు, మొదట బిగించింది తప్పకుండా వదులవుతుంది. మలుపులో బ్రేకు తొక్కకు. తొక్కావో, అంతే."

ఇన్ని మాటల్లో వెన్న లేదు, స్వీడన్ లేదు. ఐలికి గుండెలమీంచి బరువు దిగినట్టయింది. ఎస్కో ఆశ్చర్యంగా చూస్తున్నాడు, ఇరవై రెండేళ్ళలో తౌనో నోట ఇంత నిజం ఒకేసారి విని ఉండడు.

"ఇంత బాగా ఎలా తెలుసు, బాబాయ్?"

"ఆ మలుపులో నిచ్చెన గొలుసుతో మూడుసార్లు పడ్డాను గనక. రెండుసార్లు గుంటలో. మూడోసారి ఏకంగా వాగులో, చక్రాలు ఆకాశంలో, నేను తలకిందులుగా. మా ఆవిడ గుర్రాన్ని తెచ్చి లాగింది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాను."

"ఒరేయ్!" అని ఎస్కో లేచి నిలబడ్డాడు. "అప్పుడేనా మెడకి పట్టీ వేసుకుని నెలరోజులు తిరిగావు? సౌనాలో సబ్బుమీద కాలేసి జారానన్నావు! నీకోసం మేమందరం సబ్బు మానేశాం కదరా, ఆ చలికాలమంతా!"

"అయితే ఆ రోజు తిరిగింది భూమి కాదన్నమాట," అంది హెల్కా తాపీగా. "నువ్వు."

తౌనో చెవులు ఎర్రబడ్డాయి. హెల్కా ఇంకా వదల్లేదు. "మరి ఇందాకట్నుంచీ నిచ్చెన, నిచ్చెన అని ఎందుకు చంపావయ్యా, ఆ పిల్ల ప్రాణం మీదకొస్తుంటే?" అని ఆవిడ నిలదీసింది.

"ఏం చెయ్యను, పోస్టు బండి దగ్గరే కథలో నిచ్చెన గొలుసు వేసేశాను. నడుస్తున్న బండికి మధ్యలో ఎలా విప్పను?"

ఐలికి కోపం రావాల్సింది. నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. ఈ వారంలో మొదటిసారి ఆమెకి ఆ కొండ ఎక్కగలననిపించింది. వల గొలుసు ఒక కొస పట్టుకుంది, పెద్ద బరువు, ఒక్కరి వల్ల కాదు. రెండో కొస తౌనో అడక్కుండానే వంగి ఎత్తుకున్నాడు. నడుం గురించి ఒక్క మాటా అనలేదు.

"బాబాయ్, నేనే నడుపుతాను. మీరు పక్కన రేకు సీటుమీద కూర్చోండి. కొండమీదకి చేరేదాకా ఈ రోడ్డుమీద మీరు చేసిన తప్పులొక్కటే చెప్పండి, గొప్పలొద్దు. నాకు ఉపయోగపడతాయి, మీకు పొద్దుపోతుంది."

తౌనో గొలుసులో తన కొస భుజానికెత్తుకుని, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ గుమ్మం దాకా నడిచాడు. వాళ్ళ కోసం తలుపు తెరిచి పట్టుకున్న ఎస్కో, కొండవంక ఒకసారి, తౌనో వంక ఒకసారి చూశాడు.

"ఆ ఒక్క కొండా సరిపోదు, ఐలీ," అన్నాడు. "ఇంకో రెండు కొండలు కలుపుకో."